పొర కనిపించింది అని రాయకండి

ప్రియమైన మిత్రులకు,

సన్నని రంధ్రాలున్న పలక మీద పరచిన కృత్రిమ లిపిడ్ పొరల గురించి, అంటే కణాల పైపొరలో ఉండే కొవ్వు లాంటి అణువులతో కట్టిన పొరల గురించి, మీరు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. కానీ మూడో పేరాలో “సూక్ష్మదర్శినిలో పొర స్పష్టంగా కనిపించింది” అన్నచోట ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను.

ఆ పొర మందం సుమారు 5 నానోమీటర్లు. మామూలు కాంతి సూక్ష్మదర్శిని దాదాపు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు. మీరు చూసింది లిపిడ్లలో కలిపిన ఫ్లోరోసెంట్ రంగు, అంటే కాంతి పడితే తానూ వెలిగే రంగు, వెదజల్లిన వెలుగును. మీ బొమ్మలో రంధ్రాలు మెరుస్తున్నాయి, వాటి నడుమ బంగారు పూత పూసిన భాగమంతా నల్లగా ఉంది, కనుక అక్కడ పొర లేదని తేల్చేశారు. లోహానికి కొద్ది నానోమీటర్ల దూరంలో ఉన్న రంగు అణువు తాను గ్రహించిన శక్తిని కాంతిగా వెదజల్లక ముందే ఆ లోహానికి అప్పగించేస్తుంది కాబట్టి, నలుపును చూసి పొర లేదని చెప్పడానికి వీల్లేదు.

ఇలాంటి తప్పే నేనూ చేశాను. శాస్త్రవేత్తలు ముల్లర్, రుడిన్, వారి సహచరులు 1962లో ప్రకటించిన పద్ధతిలో ఒక ప్రయోగశాలవారు పొర కట్టడం చూసి, నల్లబడగానే అది చిరిగిపోయిందని చిత్తుప్రతిలో రాశాను. అది చదివిన పరిశోధకురాలు నన్ను మళ్ళీ పిలిచి కూర్చోబెట్టారు. నీటిలో నిలబెట్టిన అడ్డుపలక రంధ్రంలో మొదట ఇంద్రధనుస్సు రంగులు కదిలాయి, తర్వాత అడుగున ఒక నల్లటి చుక్క పుట్టి పైకి పాకింది. పొర రెండు అణువుల మందానికి చేరేసరికి దాని రెండు ముఖాల నుంచి తిరిగివచ్చే కాంతి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుందనీ, ఆ నలుపే పొర తయారైందనడానికి గుర్తనీ ఆమె చెప్పారు. నిజంగా తెగినప్పుడు విద్యుత్ ప్రవాహం ఒక్కసారిగా ఎగబాకింది. ఇదంతా వివరిస్తూ తిరగరాసిన పేరాను సంపాదకుడు బరువుగా ఉందని కొట్టేసి, ఆ జాగాలో రంగుల బొమ్మను పెద్దది చేసి వేశారు. ఆ రంగులు కంప్యూటర్‌లో అద్దినవన్న వాక్యం కూడా మిగల్చలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి ఎత్తుపల్లాలు కొలిచే పరమాణు బల సూక్ష్మదర్శిని గురించిన పేరాలోనూ ఇదే లోపం ఉంది. రంధ్రం అంచు మీద సూదికి గట్టి నేల దొరుకుతుంది. రంధ్రం మీద పొర కింద నీరే ఉంటుంది గనుక సూది ఆనితే అది కుంగుతుంది, గట్టిగా నొక్కితే చిరుగుతుంది. ఎంత బలంతో ఆనించారో రాయకుండా “రంధ్రం మీద పొర పల్లంగా ఉంది” అంటే, ఆ పల్లం పొరదో సూది చేసిందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

శీర్షిక గురించి మీరడిగినదానికి తర్వాత రాస్తాను. ముందుగా ఆ పరిశోధకులకు రాసి, ఏ రంగు వాడారో, సూది బలం ఎంతో, లేజర్‌తో రంగును మాడ్చిన చుక్కలోకి పక్కనున్న రంగు అణువులు చేరి వెలుగు ఎంతసేపటికి తిరిగివచ్చిందో కనుక్కోండి. పొర ద్రవంలా కదులుతోందన్న మీ మాటకు ఆధారం ఆ చివరి అంకెలోనే ఉంది, అది మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

మీ శ్రేయోభిలాషి