లెక్క తప్పని పాప వాక్యం చదవలేకపోతోంది

ప్రశ్న: పెదజాలారిపేటలో సాయంత్రాలు పిల్లలకు ఉచితంగా పాఠాలు చెబుతున్నాను. వారిలో అయిదో తరగతి పాప ఒకతె తల్లి పక్కన కూర్చుని చేపలు అమ్మేటప్పుడు నోటిలెక్క తప్పు లేకుండా చెబుతుంది గాని, రెండో తరగతి వాచకంలోని వాక్యం కూడా చదవలేదు. ప, ష, వ అక్షరాలను తారుమారు చేస్తుంది. బడి మాన్పించేస్తామని తల్లిదండ్రులు అంటున్నారు. నేనేం చేయగలను?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు బడి మాన్పించే ఆలోచనను ఆపించండి. మీరు రాసిన లక్షణాలు అభ్యసన (నేర్చుకునే) వైకల్యాల్లో ఒకటైన డిస్లెక్సియావి, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే లోపానివి కావచ్చు. అయితే చూపు, వినికిడి లోపాలున్నా, బడికి సరిగా వెళ్లకపోయినా, ఇంట్లో ఎవరూ మాట్లాడని ఇంగ్లీషులో చదువు సాగుతున్నా పిల్లలు ఇలాగే వెనుకబడతారు. పేదింటి పిల్లల విషయంలో ఈ కారణాలు తేల్చుకోకుండా ఏ పేరూ పెట్టకూడదు. ప్రభుత్వ కంటి ఆసుపత్రి, ఈఎన్‌టీ ఆసుపత్రి రెండూ నగరంలోనే ఉన్నాయి కాబట్టి ఆ పరీక్షలు మొదట చేయించండి.

ఆ తరువాత కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి) పిల్లల విభాగంలో చూపించి, అభ్యసన వైకల్య నిర్ధారణ కోసం ఎక్కడికి వెళ్లాలో రాయించుకోండి. మానసిక వైద్యుల దగ్గరికి పంపితే ఇంటివారు ‘మా పిల్లకు పిచ్చా?’ అని వెనక్కి తగ్గవచ్చు. ఈ లోపానికీ తెలివితేటలకూ సంబంధం లేదని, అంత చక్కగా లెక్క చెప్పే తమ బిడ్డే అందుకు సాక్ష్యమని వారికి నచ్చజెప్పండి. ఈ నిర్ధారణకు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలు ఒక్కపూటలో ముగియకపోవచ్చు. రోజు బేరం పోగొట్టుకుని ఆ తల్లి పదేపదే ఆసుపత్రికి రాలేదు. నా దృష్టిలో, మరో గంట ట్యూషన్ చెప్పడం కన్నా ఆమె తరఫున మీరు చీటీ రాయించి, వరుసలో నిలబడి, కాగితాలు భద్రపరచడమే పెద్ద సహాయం.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాలలో అభ్యసన వైకల్యం ఒకటి. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు ధ్రువపత్రం ఇస్తారు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులకు ఆ చట్టం చోటిచ్చింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 18 ఏళ్ల వరకూ ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం మీకు దగ్గరలో ఎక్కడుందో ప్రధానోపాధ్యాయుడిని అడగండి.

ఈలోగా మీ పాఠం ఆగనక్కరలేదు. పోలిక ఉన్న అక్షరాలను ఒకే రోజు నేర్పకండి. ఇసుకలో వేలితో రాయిస్తూ, ఆ శబ్దాన్ని పైకి పలికించండి; ఒక గుణింతపు గుర్తు బాగా పట్టుబడ్డాకే రెండోదానికి వెళ్లండి. సైన్సు, సాంఘిక పాఠాలను మీరే చదివి వినిపించి, జవాబులు నోటితో చెప్పించుకోండి. తరగతిలో అందరి ముందు ఆ పాపను పైకి చదవమనవద్దని ఉపాధ్యాయులతో మీరే మాట్లాడండి. తల్లి చెబితే పట్టించుకోనివారు కూడా మీరు చెబితే వినే అవకాశం ఎక్కువ.