రూథర్‌ఫర్డ్ హేస్ నల్లజాతి వారిని నిజంగానే గాలికి వదిలేశారా?

పారిపోయి వచ్చిన బానిసల తరఫున వాదించిన న్యాయవాది హేస్, అమెరికా అధ్యక్షుడు కాగానే నల్లజాతి వారిని ఎలా వదిలేయగలిగారని మీరు అడిగారు. కొన్నేళ్ల క్రితం, జిల్లా కోర్టులో ప్లీడరుగా పనిచేసి విరమించిన మా నాన్నగారిని ఒహాయోలోని ఫ్రీమాంట్‌లో ఉన్న హేస్ గారి ఇంటికి తీసుకువెళ్లినప్పుడు, తిరుగు ప్రయాణమంతా మేము ఈ ప్రశ్న మీదే వాదించుకున్నాము.

హేస్ వకాల్తా నడిపిన సిన్సినాటికి నది అవతల ఉన్నది కెంటకీ, అంటే బానిసత్వం చట్టబద్ధమైన రాష్ట్రం. నది దాటి వచ్చిన వారి కేసులు అలా ఆయన దగ్గరికి చేరేవి. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యాక, 1861లో 38 ఏళ్ల వయసులో ఉత్తరాది పక్షాన 23వ ఒహాయో పటాలంలో మేజరుగా చేరారు, మరుసటి ఏడాది సౌత్ మౌంటెన్ దగ్గర తూటా తగిలి ఎడమ చేయి విరిగింది. 1864లో కాంగ్రెస్‌కు, అంటే అమెరికా చట్టసభకు, అభ్యర్థిగా నిలబెట్టినా, యుద్ధరంగం వదిలి ప్రచారానికి రానని చెప్పి, రాకుండానే గెలిచారు.

చిక్కంతా 1876 ఎన్నికతో వచ్చింది. ప్రత్యర్థి టిల్డెన్‌కు ప్రజల ఓట్లు సుమారు రెండున్నర లక్షలు ఎక్కువ వచ్చాయి, అధ్యక్షుణ్ణి అసలు తేల్చే ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల తరఫున ఎన్నికైన ప్రతినిధులు వేసేవి) 184 ఖాయమయ్యాయి, గెలవడానికి ఇంకొక్కటి చాలు. వివాదంలో పడిన 20 ఓట్లనూ 15 మంది సభ్యుల కమిషన్ 8-7 తేడాతో హేస్‌కే ఇచ్చింది. పదవిలోకి వచ్చిన కొద్ది వారాలకే దక్షిణాది రాష్ట్రాలైన దక్షిణ కరొలినా, లూసియానాల శాసనసభల దగ్గర, అంతర్యుద్ధం తర్వాత నల్లజాతి వారి హక్కులకు అండగా కాపలా ఉన్న కేంద్ర సైనికులను ఆయన వెనక్కి పిలిపించారు. నల్లజాతి వారి హక్కులు కాపాడతామని దక్షిణాది నాయకులిచ్చిన మాటను నమ్మారు. "డిక్రీ ఇచ్చి, అమలుచేసే అమీనాను ఇంటికి పంపేసినట్టుంది" అన్నారు నాన్నగారు. సైన్యానికి డబ్బిచ్చేందుకు ప్రతినిధుల సభ సిద్ధంగా లేదని నేను వాదించాను గానీ, ఆ మాటకు నా దగ్గర నిజానికి జవాబు లేదు.

కాబట్టి వదిలేశారనే అంటాను, అయితే మనసారా కాదు. నల్లజాతి వారి ఓటు హక్కును కాపాడే ఎన్నికల చట్టాలను రద్దు చేయాలని కాంగ్రెస్ నిధుల బిల్లులకు షరతులు తగిలిస్తే, ఆయన పదేపదే వీటో చేశారు. పదవి దిగాక, నల్లజాతి వారి చదువుకు ధనసహాయం చేసే స్లేటర్ నిధికి అధ్యక్షత వహించారు. అర్హులైన నల్లజాతి విద్యార్థులు దొరకడం లేదన్న ఆయన మాటను తప్పుపడుతూ డూబోయిస్ అనే నల్లజాతి యువకుడు ఘాటుగా ఉత్తరం రాశాడు. చివరికి ఆ నిధి నుంచే అతనికి సహాయం అందింది. 1893 జనవరిలో హేస్ కన్నుమూసే నాటికి డూబోయిస్ బెర్లిన్‌లో చదువుకుంటున్నాడు.