కూనూరు కొండవాలు పనికి వెళ్తున్న మేనల్లుడికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి శ్రీకాంత్‌కు ఆశీస్సులు.

కూనూరు వాలులోని కూలీల వాడలో మెట్లు, గట్లు, మొక్కలు రూపొందించే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. 2009 నవంబరులో ఆ కూనూరు ఉన్న నీలగిరి కొండల్లోనే చరియలు విరిగిపడి 40 మందికి పైగా చనిపోయారు. కాబట్టి ఏ మొక్కలు నాటాలో ఆలోచించే ముందు నీళ్ల దారి తెలుసుకో.

వాన పడుతుండగా పై ఇంటి నుంచి కింది ఇంటి దాకా నడిచి, చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయో, అంట్లు తోమిన నీళ్లు ఎటు పోతున్నాయో, ఎవరి మరుగుదొడ్డి గుంట ఎవరి ఇంటికి ఎగువన ఉన్నదో పటంలో గుర్తించు. ఇంకిన నీరు మట్టి రేణువుల మధ్య ఒత్తిడి పెంచి వాటి పట్టు సడలించడం వల్లనే చాలా చరియలు జారుతాయి. తమిళనాడులో 2003లో వాననీటి సేకరణ తప్పనిసరి అయిన తరువాత మన చెన్నైలో ఇంకుడు గుంట మంచి అలవాటైంది. దాన్ని మాత్రం వాలు మీదికి తీసుకుపోకు. అక్కడ నీటిని ఇంకించకుండా, గచ్చు చేసిన కాలువల్లో కిందికి దాటించాలి. కరీబియన్ ద్వీపమైన సెయింట్ లూసియాలోని పేదల కొండవాడల్లో, వాలుకు అడ్డంగా కాలువలు కట్టి చూరు నీటిని, వాడుక నీటిని అందులోకి మళ్లించే పనిని స్థానికుల చేతనే చేయించారు.

ఆకులు, పాల ప్యాకెట్లతో పూడిన కాలువ అసలు లేనిదానికన్నా ప్రమాదం, ఎందుకంటే వాడ నీళ్లన్నీ ఒక్కచోటే పొర్లుతాయి. ఏ కాలువను ఏ ఇంటివారు శుభ్రం చేస్తారో పని మొదలుపెట్టక ముందే వాళ్ల నోటితోనే చెప్పించు.

వట్టివేరు మీద నీకున్న ఉత్సాహం మంచిదే. రెండు మూడు మీటర్లు దిగే ఆ వేళ్లు, వాలుకు అడ్డంగా ఒత్తుగా నాటితే, పైమట్టి కోతను ఆపుతాయి. అంతకంటే లోతున జారే చరియను మాత్రం ఏ గడ్డీ ఆపలేదు. అలాంటి చోట నేల బలాన్ని పరీక్షించే భూసాంకేతిక ఇంజనీరును పిలవాలి, కొన్ని ఇళ్లు కదిలించక తప్పకపోవచ్చు. ఖాళీ అయిన స్థలాన్ని బోసిగా వదిలితే మళ్లీ రేకుల ఇళ్లు లేస్తాయి కనుక అక్కడ నడకదారి, నీళ్లు పెట్టనక్కరలేని పొదలు వేయించు. కూరమళ్లు వద్దంటాను, రోజూ తడిపే నేల వాలుకు మేలు చేయదు.

గోడ కట్టిస్తే వెనుక కంకర పొర, గోడలో నీళ్లు కారే తూట్లు ఉండాలి. చూడటానికి బాగుండవని మేస్త్రీలు ఆ తూట్లను సిమెంటుతో పూడ్చేస్తుంటారు, దగ్గరుండి చూసుకో.

కూనూరుకు అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ. కాలువలు సెప్టెంబరులోపు పూర్తి చేయించు.

ఇట్లు,
నీ మామయ్య