ప్రపంచంలో మొట్టమొదటి ఫుట్‌బాల్ క్లబ్ ఏది, అది ఎలా మొదలైంది?

ఇప్పటికీ ఆడుతున్న క్లబ్బుల్లో అన్నిటికన్నా పాతదిగా ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫీఫా గుర్తించింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఎఫ్‌సీని. మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ లాంటివన్నీ తర్వాత పుట్టినవే.

నథానియల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ ఇద్దరూ క్రికెట్ ఆటగాళ్లు. ఇంగ్లండ్‌లో చలికాలంలో క్రికెట్ ఉండదు, ఒళ్లు బద్ధకిస్తుంది. అందుకే 1857 అక్టోబరు 24న ఈ క్లబ్ పెట్టారు. మొదట్లో వాళ్ల ఆఫీసు పూలకుండీలు పెట్టుకునే ఓ షెడ్డు, పక్కనున్న పొలమే గ్రౌండు!

అసలు చిక్కు ఏమిటంటే, ఆడటానికి ఎదుటి జట్టే లేదు. దాంతో పెళ్లైనవాళ్లు ఒకవైపు, కానివాళ్లు ఇంకోవైపు చేరి తమలో తామే ఆడుకున్నారు. 1860లో పక్కనే హాలమ్ క్లబ్ వచ్చింది. ఆ డిసెంబరు 26న శాండీగేట్ మైదానంలో రెండు క్లబ్బులూ తలపడ్డాయి. ఆ మైదానంలో ఇప్పటికీ ఆట జరుగుతోంది. నాకైతే ఫుట్‌బాల్ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే.

1858లో షెఫీల్డ్ వాళ్లు రాసుకున్న రూల్స్‌లో కాలితో ఎదుటివాణ్ణి తన్నడం, కాలు అడ్డం పెట్టి పడేయడం నిషేధం. చేత్తో తోయడం మాత్రం తప్పు కాదు! అందరికీ ఒకే రూల్స్ పెట్టాలని లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది 1863లో. అయినా షెఫీల్డ్ వాళ్లు 1877 దాకా సొంత రూల్స్‌తోనే ఆడారు.