డెంగీలో జ్వరం తగ్గాక కడుపునొప్పి ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. నాలుగు రోజులు జ్వరం, డెంగీ ఎన్‌ఎస్‌1 రక్తపరీక్ష పాజిటివ్. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ వేసుకున్నాడు. నిన్నటి నుంచి జ్వరం లేదు గానీ కడుపునొప్పి, వాంతులు. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను కణాల్లోని ప్రోటీన్లే అడ్డుకుంటాయని చదివాను. వాటిని పెంచే మందులున్నాయా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు మీరు అడగని సంగతి చెబుతాను. డెంగీలో జ్వరం దిగుతుండగా కడుపునొప్పి, వాంతులు మొదలైతే అది ప్రమాద సూచన. ఈపాటికే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటారనుకుంటాను. లేకపోతే ఇప్పుడే బయల్దేరండి. మామూలుగా మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు, సరిగ్గా జ్వరం తగ్గే వేళకే రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారడం మొదలవుతుంది. బీపీ పడిపోవచ్చు. ఇంట్లోవాళ్లంతా ప్లేట్‌లెట్ల గురించే టెన్షన్ పడతారు. మేం హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం; ప్లాస్మా కారితే పెరుగుతుంది), బీపీ, మూత్రం ఎంత వస్తోందన్నవి కూడా చూస్తాం.

ఇక ఆ డైక్లోఫెనాక్. షాపులో అడిగి మాత్రలు వేసుకునే అలవాటు మనవాళ్లకు ఎప్పుడు పోతుందో! డెంగీ అనుమానం ఉంటే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ సొంతంగా వాడకూడదు; రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పారాసిటమాల్ చాలు, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. జ్వరం తొందరగా తగ్గాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లూ మా దగ్గరికి వస్తుంటారు. మీ తమ్ముడికి అలాంటిదేమైనా ఇచ్చారా? రాయలేదు.

మీరు చదివింది నిజమే. డెంగీదీ ఆర్‌ఎన్‌ఏ వైరసే. కణంలోకి వైరస్ ఆర్‌ఎన్‌ఏ చేరితే రిగ్-ఐ, ఎండీఏ5 అనే ప్రోటీన్లు పసిగడతాయి. మైటోకాండ్రియా మీదున్న మావ్స్ అనే ప్రోటీన్ ద్వారా కబురు కేంద్రకానికి చేరి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ తయారవుతుంది. పక్క కణాలు అప్రమత్తమవుతాయి. అయితే ఈ ప్రతిస్పందన శ్రుతి మించకుండా ఆపే ఏ20 లాంటి ప్రోటీన్లూ కణంలోనే ఉన్నాయి. ఆ అదుపు తప్పితే నష్టం మన కణజాలానికే. పుట్టుకతోనే ఎండీఏ5 అతిగా పనిచేసే పిల్లల్లో మెదడు దెబ్బతినే జబ్బు వస్తుంది. పైగా డెంగీ వైరస్ తక్కువదేం కాదు. ఇంటర్‌ఫెరాన్ కబురు అందుకునే స్టాట్2 ప్రోటీన్‌ను తన ఎన్‌ఎస్‌5 అనే ప్రోటీన్‌తో నాశనం చేయిస్తుంది. అందుకే ‘పెంచేద్దాం’ అనుకున్నంత తేలిక కాదు. హెపటైటిస్-సి కి ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లే ఇచ్చేవారు. వాటితోనే జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చేవి. డెంగీకి అలాంటి ఆమోదిత మందు లేదు. ఇమ్యూనిటీ పౌడర్ల మీద డబ్బు తగలేయకండి.

రోగిని చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. వెళ్లేటప్పుడు రిపోర్టులతోపాటు ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి. ఏదీ దాచొద్దు, డాక్టర్ తిడతారనైనా సరే.