రాజుగారు సంతకం పెట్టనంటే?

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. నీ ఊహల్లోని దేశానికి పటం గీశావు, జెండా కుట్టావు, కిరీటంలో రాళ్ల రంగులు కూడా చెప్పావు. అంతా బాగుంది. కానీ రెండో అధ్యాయంలో రాజుగారికి కోపమొచ్చి ప్రధానిని ఒక్క మాటతో ఇంటికి పంపేశాడు. తర్వాతి పేజీలో ఎలక్షన్ ప్రచారం యథావిధిగా నడుస్తోంది. అక్కడ నాకు నీ దేశం మీద నమ్మకం సడలింది. రాజు మాటే చెల్లితే రాజ్యాంగం ఎందుకున్నట్టు? చెల్లకపోతే ప్రధాని ఎందుకు వెళ్లిపోయినట్టు?

నేనైతే కిరీటం పక్కన పెట్టి, రాజుగారి బల్ల మీదున్న ఫైలు దగ్గర మొదలుపెడతాను. పార్లమెంటు పాస్ చేసిన చట్టం అది. ఆయనకు అది ఇష్టం లేదు. సంతకం పెట్టనంటే ఏమవుతుంది?

1990లో బెల్జియంలో అదే జరిగింది. గర్భస్రావాన్ని కొన్ని షరతులతో అనుమతిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. రాజు బోదువా గట్టి కాథలిక్కు. మనస్సాక్షి ఒప్పుకోక సంతకం పెట్టనన్నాడు. రాజు పరిపాలించలేని స్థితిలో ఉంటే ఆయన అధికారాలు మంత్రివర్గానికి వస్తాయని రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది. ఏప్రిల్ 4న దాన్నే వాడారు. మంత్రులే సంతకాలు చేశారు. మర్నాడు పార్లమెంటు సమావేశమై ఆయన అధికారాలు ఆయనకు తిరిగి ఇచ్చేసింది. ఆ రాజు, రాణి ఫాబియోలా పిల్లలు లేని దంపతులు. ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారు? నవల అక్కడుందమ్మా. చరిత్ర పుస్తకం వదిలేసిన ఆ గదిలోకి మనం వెళ్లాలి.

లక్సెంబర్గ్‌లో ఇలాంటి చిక్కే 2008లో వచ్చింది. అక్కడ ఏకంగా రాజ్యాంగాన్నే మార్చి, చట్టాలకు పాలకుడి ఆమోదం అక్కర్లేకుండా చేశారు. భూటాన్ రాజ్యాంగమైతే అరవై అయిదేళ్లు నిండితే రాజు గద్దె దిగాలంటుంది. నీ దేశం ఏ దారి పట్టింది? ఆ సంగతి నీకు ముందే తెలిసి ఉండాలి. కథలో ఒక్క ముక్క చెప్పకపోయినా ఫరవాలేదు.

ఇంకొకటి. అధికారం పోయాక కూడా రాజు ఇంట్లో అద్దం ఉంటుంది కదా. మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌నే తీసుకో. నాణెం మీద చార్మినార్ కమానులో తన పేరు మొదటి అక్షరం వేయించుకున్న పాలకుడు. 1950 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి నామమాత్రపు అధిపతిగా, అంటే రాజప్రముఖ్‌గా ఉన్నారు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఊరు, అదే మనిషి, కానీ ఇక ఆజ్ఞ ఆయనది కాదు. నీ రాజుకి ఆ బాధ ఇంకా అంటలేదు. అంటించు.

రెండో అధ్యాయం మళ్లీ రాయి. తొందరేం లేదు, టెన్షన్ పడకు. ప్రధాని ఫైలు పట్టుకుని లోపలికొస్తాడు, రాజు కలం చేతిలోకి తీసుకుంటాడు. మూత తీశాడో లేదో ఫోన్‌లో మాత్రం చెప్పెయ్యకు. అధ్యాయంలోనే చదువుతాను.

ప్రేమతో,
మాస్టారు