సముద్ర తాబేలు పిల్లలు బయటికొచ్చే రోజుల్లో తీరంలో లైట్లు ఎందుకు ఆర్పమంటారు?

లైట్లు వెలుగుతుంటే తాబేలు పిల్లలు అదే సముద్రం అనుకుని ఊరివైపు పాకిపోతాయి, అందుకే ఆర్పమంటారు. ఇసుకలోంచి పైకి వచ్చిన పిల్ల ఏ దిక్కు వెలుతురుగా కనిపిస్తే అటే కదులుతుంది. మామూలుగా రాత్రిపూట ఒడ్డు చీకటిగా, నీటి మీది ఆకాశం కాస్త తెల్లగా ఉంటాయి. వీధి దీపం ఈ లెక్కను తారుమారు చేస్తుంది. దారి తప్పినవి కుక్కల పాలవుతాయి, లేదా తెల్లారాక ఎండకు మాడిపోతాయి. ఒడిశాలోని రుషికుల్య తీరంలో ఇలా తప్పిపోయిన ఆలివ్ రిడ్లే జాతి తాబేలు పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్ల యువకులే ఏరి నీళ్లలో వదిలారు. ఎంత ఓపిక కావాలో! అలల చప్పుడు విని వెళ్తాయని, టార్చి వేసి దారి చూపాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మంచి మనసుతో వేసినా సరే, ఒడ్డున వెలిగిన ఫోన్ లైటు వాటిని వెనక్కే లాగుతుంది.